నియంత వస్తున్నాడంటే బస్తీ భయపడుతుందా?

హైదరాబాద్ బోరబండ గల్లీలో తలుపు కొట్టి "ఆయన గెలిస్తే నియంతై కూర్చుంటడు" అని చెప్పి చూడండి. "గట్టోడే కావాలె గదన్నా" అంటారు. మన దగ్గర హిట్లర్ అంటే ఇంట్లో కాస్త గట్టిగా ఉండే నాన్నకో, హెడ్మాస్టరుకో పెట్టే పేరు. కరపత్రంలో అభ్యర్థి బొమ్మకు ఆ మీసం అతికించి పంచితే సగం పొగిడినట్టే.

దీనికి మన సొంత లెక్కే ఉంది. ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తరప్రదేశ్‌లోని 85 లోక్‌సభ సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. రాయ్‌బరేలీలో ఇందిరా గాంధీయే 55 వేల పైచిలుకు ఓట్లతో ఓడారు. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లో 42కు 41 కాంగ్రెస్‌వే, హైదరాబాద్‌తో సహా. పోయింది నంద్యాల ఒక్కటే. నియంతృత్వం మీద ప్రసంగాలు రెండుచోట్లా జరిగాయి. కానీ అక్కడ బలవంతపు నస్‌బందీ, అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, ఇంటి గడప దాకా వచ్చింది. ఇక్కడ అంత రాలేదు, పైగా ఇందిర ఇరవై సూత్రాల కార్యక్రమంలోని ఇంటిస్థలం మాట పేదల చెవిన పడింది. వాళ్లు మోసపోయారని అనను. తమ గడప చూసి ఓటేశారు.

2023 అసెంబ్లీ ఎన్నికల్లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నివాసం ప్రగతి భవన్ ముందున్న ఇనుప కంచె గురించి ఎంత మాట్లాడారో గుర్తుందా? ఆ కంచె ఉండేది బేగంపేటలో. హైదరాబాద్ జిల్లా 15 సీట్లలో కాంగ్రెస్‌కు సున్నా. బీఆర్ఎస్‌కు 7, మజ్లిస్‌కు 7, బీజేపీకి 1. రాష్ట్రంలో మాత్రం అధికారం కాంగ్రెస్‌కు మారింది. ఊళ్లో మాట కంచె గురించి కాదు, భూముల రికార్డుల పోర్టల్ ధరణిలో తప్పు పడ్డ సర్వే నంబర్ గురించి.

కాబట్టి ప్రచారానికి పోయేవాళ్లు "ప్రజాస్వామ్యం" అనే మాటను జేబులోనే ఉంచుకోవాలి. ధర్నాచౌక్‌నే తీసుకోండి. ఇందిరా పార్కు దగ్గర అక్కడ జరిగే ధర్నాలను 2017లో ప్రభుత్వం ఆపించింది. మరుసటేడు హైకోర్టు జోక్యం చేసుకుంది. అంగన్‌వాడీ టీచర్‌కు అది జీతం అడిగే చోటు. "రేపు మీ జీతం ఆగితే ఎక్కడ కూర్చుని అడుగుతరు మేడమ్?" అంటే ఆగి వింటుంది. ఆటో నడిపే ఆయనకు అదే చౌక్ ట్రాఫిక్ జామ్. అక్కడ ఆ మాట ఎత్తితే ఉన్న ఓటూ పోతుంది.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా, ఇద్దరు కలిసి, ముప్పై ఇళ్లు చాలు. ఇంటికి ఐదు నిమిషాలనుకుంటే మూడు వాళ్లవే. ముందు నాలా సంగతో, రేషన్ కార్డు సంగతో అడగాలి. పోయినసారి ఆయనకే ఓటేశామంటే "ఎట్ల ఏసిన్రు?" అనొద్దు. తమను తెలివితక్కువోళ్లని అన్నారన్న కోపంతో మళ్లీ అటే వేస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రతి ఎన్నికకూ "ఇదే ఆఖరి ఎన్నిక" అంటే నాన్నా పులి కథ అవుతుంది. హెచ్చరించిన నాయకుడే గెలిచాక అటువైపు దూకిన చోట ఆ మాట అసలే ఎత్తకూడదు.

భయం ఎక్కువైతే పార్టీ మారడం అటుంచి, "ఎవడొచ్చినా ఇంతే" అని ఇంట్లోనే కూర్చుంటారు. 2024లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ సగం కూడా దాటలేదు. అందుకే జాబితాలో పేరు పక్కన "చూద్దాం" అని రాసుకున్న ఇళ్లకే రెండోసారి పోవాలి. అప్పుడు నియంత గురించి ఒక్క ముక్కా వద్దు. బూత్ ఏ స్కూల్లో, ఏ గదిలో, ఎండ ముదరకముందే ఎన్నింటికి వెళ్తారు, అంతే.