నల్ల బండల మీద వెలుతురు

మా జేజి కట్టించిన మిద్దె. వంటింట్లో అరలన్నీ కడప నల్ల బండలే. వాటిని పీకించి తెల్ల లామినేట్ వేయిద్దామని మేస్త్రీకి అడ్వాన్స్ కూడా ఇచ్చేసినా.

ఆ వారమే 'బ్లేడ్ రన్నర్' చూసినా. 1982లో వచ్చిన హాలీవుడ్ సినిమా, కథ జరిగేది 2019లో. హీరో ఫ్లాట్ గోడల దగ్గరే నా కళ్లు ఆగిపోయినాయి. నగిషీ చెక్కినట్టుండే చదరపు దిమ్మెలు, వాటి మీద పక్కనుంచి జారే సన్న వెలుతురు. తర్వాత చదివితే తెలిసింది, అవి లాస్ ఏంజెలెస్‌లోని ఎన్నిస్ హౌస్ దిమ్మెల నుంచి తీసిన అచ్చులంట. అమెరికా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన 1924 నాటి ఇల్లది! రేపటి ఇంటిని చూపించడానికి పాత ఇంటి గోడే పనికొచ్చింది.

పొద్దున్నే మేస్త్రీకి ఫోన్ చేసి వద్దన్నా. బండలు కడిగి, నూనె గుడ్డతో తుడిచి, అరల కింద పసుపు ఎల్‌ఈడీ పట్టీ అంటించినా, అంతే. రాత్రి ట్యూబ్‌లైట్ ఆపితే అంచుల్లోని ఉలి గాట్లన్నీ లేచి నిలబడతాయి. మధ్య అరలో ఒక తెల్లటి గుండ్రటి మచ్చ ఉంది. కడప బండ సున్నపురాయి కదా, పులుపు తగిలితే తెల్లబడుతుంది.

జేజి ఊరగాయ జాడీ పెట్టే చోటు అదే.