కోర్టు కాంపౌండ్‌లో షూటింగ్ పర్మిషన్ - నా అనుభవం

ఒళ్లు ఇంకా మండుతానే ఉంది, చల్లారకముందే రాసేస్తున్నా. నేను కర్నూలు జిల్లాలో ఒక ఛానల్‌కి స్ట్రింగర్‌ని, అంటే జీతం ఉద్యోగం కాకుండా వార్తలు పంపే విలేకరిని. లోక్ అదాలత్ రోజు కోర్టు కాంపౌండ్‌లో విజువల్స్, రాజీ అయినోళ్ల బైట్లు (కెమెరా ముందు చెప్పే మాటలు) కావాలని ఛానల్ డెస్క్ నుంచి ఫోన్. ఏ కోర్టో చెప్పను, మళ్లీ అక్కడికే పోవాల.

అప్లికేషన్ పెద్ద పనేం కాదు. అక్రిడిటేషన్ కార్డు జిరాక్స్, ఛానల్ లెటర్, ఏ రోజు, ఎక్కడ తీస్తామో రాసి ఇస్తే ఆఫీసులో తీసుకున్నారు. జడ్జిగారి పర్మిషన్ కూడా వచ్చింది. కోర్టు హాల్లోకి కెమెరా తేకూడదు, ఫ్యామిలీ కేసులోళ్ల ముఖాలు తీయకూడదు, అంతే. ఇందులో తప్పుపట్టేదేం లేదు. 'సుప్రీంకోర్టే లైవ్ ఇస్తాంటే మనకేంది' అని మావాళ్లు వాదిస్తారు గానీ, 2018లో తీర్పు ఇచ్చి 2022 సెప్టెంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం కేసులతో మొదలుపెట్టిన ఆ లైవ్ కోర్టు సొంత కెమెరాలతో ఇచ్చేది. మన లోగో పట్టుకుని లోపలికి దూరమని ఎవురూ చెప్పలే.

షూటింగ్ బాగానే అయింది. పొలం గట్టు కోసం ఏళ్ల తరబడి తిరిగిన అన్నదమ్ములు రాజీ అయి, వేపచెట్టు కింద నిలబడి మంచి బైట్ ఇచ్చినారు. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడిచ్చే తీర్పు మీద అప్పీలుండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వాపస్ వస్తుందని చెప్తే పెద్దాయన 'ఆ మాట ముందే చెప్పింటే ఎప్పుడో వచ్చేవాళ్లం కదప్పా' అన్నాడు.

బయటికి వస్తాంటే మెట్ల దగ్గర స్టాఫ్ ఆయన ఒకడు ఆపినాడు. 'ఏం తీసినావ్, చూపీ.' లెటర్ చూపిస్తే చదివి 'ఇది కెమెరాకి, ఫోన్‌కి కాదు' అన్నాడు. అప్లికేషన్‌లో మొబైల్ అని నేను రాసే ఇచ్చినా సార్, టైప్ చేసినోళ్లు ఉత్త కెమెరా అని కొట్టినారు అంటే వినడే. ఫోన్ నా చేతిలోంచి లాక్కుని గ్యాలరీ తెరిచి బొటనవేలితో పైకి తోస్తానే ఉన్నాడు, లోక్ అదాలత్ విజువల్స్ అయిపోయినాయి, మా పాప చెవులు కుట్టించిన ఫోటోలు వచ్చినాయి, మా ఆవిడ నైటీలో దోసెలు పోస్తాంటే తీసిన వీడియో వచ్చింది, అప్పుడైనా ఆగల్నా, ఆగలే. పక్కన జూనియర్ లాయర్లు ఒకటే నవ్వుడు, వాయిదాకి వచ్చిన జనం మెడలు చాపి చూస్తాండారు. చివరికి రిమాండ్ ముద్దాయిని ఎస్కార్ట్ పోలీసులు తెస్తాంటే ఫ్రేమ్‌లో వెనకాల పడిన ఒక క్లిప్ దొరికింది. ముఖానికి గుడ్డ ఉంది, ఐడెంటిఫికేషన్ పరేడ్‌కి (సాక్షులు ముద్దాయిని గుర్తుపట్టే పని) ముందు ముఖం కనపడకూడదని పోలీసులే కప్పుతారు, అయినా డిలీట్ అన్నాడు. చేసినా. 'ట్రాష్‌లో కూడా తీసేయ్, ముప్పై రోజులు ఉంటాదంట కదా.' అదీ చేసినా.

ఇన్నేళ్లలో ఒక్క అత్యాచార బాధితురాలి పేరు కూడా నా వార్తలో పోలేదు, గర్వంగానే చెప్తా. అట్ల పేరు బయటపెడితే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 72 కింద రెండేళ్ల దాకా జైలు. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సోలో సెక్షన్ 23 ప్రకారం పిల్ల పేరే కాదు, స్కూలు, వీధి, ఇంట్లోళ్ల వివరాలు కూడా చెప్పకూడదు. మా ఊర్లో యూట్యూబ్‌లోళ్లు ముఖం బ్లర్ చేసి ఇంటి గోడ మీద నంబర్ చూపిస్తారు, వాళ్లనెవరూ మెట్ల మీద ఆపరు.

మీరు పోయేటట్లయితే పర్మిషన్ కాగితంలో 'మొబైల్ ఫోన్‌తో సహా' అని ఉందో లేదో ఆఫీసులోనే చూసుకోండి, లేకుంటే అక్కడే రాయించి సంతకం పెట్టించండి. బైట్ తీసిన వెంటనే గేటు దాటకముందే డెస్క్‌కి పంపేయండి. అన్నదమ్ముల బైట్ నాకు అట్లనే మిగిలింది. సాయంత్రం బులెటిన్‌లో వచ్చింది కూడా, పెద్దాయన ఫోన్ చేసి వీడియో లింక్ పంపమన్నాడు. నేనైతే ఇప్పుడు సిమ్ లేని పాత ఫోన్ ఒకటి కోర్టు పనికే పెట్టుకున్నా.