ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ కొనే ముందు చూడవలసింది స్లాట్‌ను

మా అన్నయ్య కూతురు ఇంజినీరింగ్ చదువుకు వాడుకుంటున్న ల్యాప్‌టాప్ 2017 నాటిది. అందులోని ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఆమె పనికి ఇప్పటికీ సరిపోతాయి. దాన్ని ముందుకు సాగనివ్వనిది 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ ఒక్కటే. తిరుగుతున్న పళ్లేల మీద హెడ్ ఒకచోటి నుంచి మరోచోటికి జరిగి చదవవలసి ఉంటుంది కనుక, చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను అలాంటి డిస్క్ సెకనుకు వంద సార్లకు అటూఇటూగా మాత్రమే అందుకోగలదు. కదిలే భాగమే లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ, ఎంత చౌకదైనా, అదే పనిని వేల సార్లు చేస్తుంది. అందుకే కొత్త ల్యాప్‌టాప్ అవసరం లేదని, డిస్క్ మారిస్తే చాలని గట్టిగా చెప్పాను.

కొనేటప్పుడు చాలామంది డబ్బా మీది వేగం అంకెలను చూస్తారు. అంతకంటే ముందు ల్యాప్‌టాప్ లోపలి స్లాట్ సంగతి తేల్చుకోవాలి. ఎం.2 అనేది సన్నని పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ ఆకారాన్ని మాత్రమే తెలుపుతుంది. దాని పక్కన కనిపించే 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. అదే ఆకారంలో, హార్డ్ డిస్క్‌లు వాడే పాత అనుసంధానమైన సాటా రకమూ ఉంది, ఎస్‌ఎస్‌డీల కోసమే రూపొందిన ఎన్‌వీఎంఈ రకమూ ఉంది. సాటా సెకనుకు దాదాపు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. కంప్యూటర్ లోపలి వేగవంతమైన డేటా దారి పీసీఐఈలో నాలుగు లేన్ల మీద నడిచే ఎన్‌వీఎంఈ మూడో తరంలో 3,500 ఎంబీ దాకా, నాలుగో తరంలో 7,000 ఎంబీ దాకా వెళ్తుంది. అయితే ఆ కాలపు ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఎం.2 స్లాట్ సాటాను మాత్రమే గుర్తిస్తుంది, ఎన్‌వీఎంఈని పెడితే అది ఉన్నట్టే కనిపించదు. అంచున ఉన్న గాట్లను బట్టి పోల్చుకోవచ్చని అంటారు గానీ, రెండు గాట్లున్న ఎన్‌వీఎంఈలు కూడా ఉన్నాయి కనుక తయారీదారు సర్వీస్ మాన్యువల్ చూడడమే క్షేమం. మా ల్యాప్‌టాప్ మాన్యువల్‌లో సాటా అనే ఉంది.

వేగం ఎటూ సాటాదే కాబట్టి, ఎం.2 సాటా కంటే విరివిగా దొరికే 2.5 అంగుళాల రకాన్నే హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టాలని నిర్ణయించాను. ఇక్కడ నేను పట్టుబట్టినవి రెండు: ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచే టీఎల్‌సీ ఫ్లాష్, ఏ డేటా ఎక్కడుందో గుర్తుంచుకునే సొంత డీర్యామ్ చిప్. నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ చౌకే, కానీ ముందుగా వేగంగా రాసుకునే కొద్దిపాటి చోటు (క్యాష్) నిండాక పెద్ద ఫైళ్ల కాపీ బాగా నెమ్మదిస్తుంది. డీర్యామ్ లేని ఎన్‌వీఎంఈలలో చాలావరకు కంప్యూటర్ ర్యామ్‌లో కొంత అరువు తెచ్చుకోగలవు; సాటాకు ఆ వెసులుబాటు లేదు. ఈ రెండూ ఉన్న శాంసంగ్ 870 ఈవో 500 జీబీని ఎంచుకున్నాము. దాని వారంటీ ఐదేళ్లు లేదా 300 టెరాబైట్ల రాత, ఏది ముందైతే అది. రోజుకు 40 జీబీ చొప్పున రాసినా ఆ 300 టెరాబైట్లు పూర్తి కావడానికి ఇరవయ్యేళ్లు పడుతుంది కనుక, ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందన్న భయం విద్యార్థులకు అక్కరలేదు.

పాత డిస్క్‌లోని విండోస్ 10ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ (క్లోన్) చేయలేదు. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఆ ప్రాసెసర్ విండోస్ 11 ఆమోదించే జాబితాలో లేదు. ఆమె కోర్సుకు కావలసిన పైథాన్, సీ కంపైలర్ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటులో చక్కగా నడుస్తాయి కాబట్టి దాన్నే కొత్తగా ఇన్‌స్టాల్ చేశాము. తీసిన హార్డ్ డిస్క్‌ను యూఎస్‌బీ కేసులో బిగించి, ఆమె ప్రాజెక్టు ఫైళ్ల బ్యాకప్‌కు కేటాయించాము.