ఆగిపోయినవాళ్లకు ఫీడ్‌బ్యాక్ ఫారం ఎవరు పంపుతారు?

మా డిగ్రీ కాలేజీలో ఎన్‌పీటెల్ కోర్సుల బాధ్యత నాది. ఐఐటీల్లాంటి సంస్థల అధ్యాపకులు ఆన్‌లైన్‌లో ఉచితంగా చెప్పే కోర్సులవి. సెమిస్టర్ అయిపోగానే పిల్లలకు గూగుల్ ఫారం పంపిస్తాం. కోర్సు ఎలా ఉంది, వీడియోలు ఎలా ఉన్నాయి, ఐదుకు ఎంత వేస్తారు అని అడుగుతాం. నాలుగులు, ఐదులే వస్తాయి. వాటిని ప్రింట్ తీసి, కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే నాక్ కోసం ఉంచే ఫైల్లో పెడతాం. అయితే ఆ ఫారం నింపేది చివరిదాకా ఉన్నవాళ్లే. ఐదో వారంలోనో ఆరో వారంలోనో ఆగిపోయినవాళ్ల పేర్లు అప్పటికి లిస్టులోనే ఉండవు.

అందుకే కిందటి సెమిస్టర్ నుంచి ఆగిపోయినవాళ్లకే ఫోన్లు చేస్తున్నాను. కోర్సు నచ్చలేదా అని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట: "సార్ మంచిగనే చెప్తుండు మేడం, నాకే కుదుర్తలేదు." ఇంకో మాట కూడా చాలామంది నోట విన్నాను: "మానేయలే మేడం, వచ్చే సెమిస్టర్ల చేస్త." రెగ్యులర్ కాలేజీలో చదువు మానేస్తే టీసీ తీసుకోవాలి, ఆఫీసుకు రావాలి, ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారు. ఆన్‌లైన్‌లో అలాంటి ఘట్టమే లేదు. ఒక వారం యాప్ తెరవరు, తర్వాతి వారమూ తెరవరు, అంతే.

ఒక అబ్బాయి సంగతి చెప్తాను. బీఎస్సీ రెండో సంవత్సరం. కాలేజీ అయ్యాక మెడికల్ షాపులో పని, ఇంటికి చేరేసరికి పది. తన ఫోన్ నా చేతికిచ్చి చూపించాడు. నాలుగు వారాల అసైన్‌మెంట్లూ వేళకు సబ్మిట్ అయ్యాయి, మార్కులు కూడా మంచివే. ఐదో వారం రెండో వీడియో సగంలో ఆగి ఉంది. అక్కడ రికర్షన్, అంటే ప్రోగ్రాంలో ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం, చెప్తున్నారు. ఆ ముక్క ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నా ఎక్కలేదట. ప్రశ్న అడిగే చోటు కోర్సులోనే ఉంది, కానీ ఇంగ్లిష్‌లో రాయాలి, దేశమంతా చూస్తుంది. టైప్ చేశాడు, చెరిపేశాడు. "అడుగుదామనుకున్న మేడం, మళ్ల ఏమనుకుంటరో అని..." అసైన్‌మెంట్ గడువు, ఆ బుధవారం రాత్రి 11:59, దాటిపోయింది. తర్వాతి బుధవారమూ దాటింది. ఇక తనకు ఆ కోర్సు అయిపోయినట్టేనని తెరవడం మానేశాడు.

నిజానికి ఏమీ అయిపోలేదు. పన్నెండు వారాల కోర్సులో బాగా వచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. సర్టిఫికెట్‌కు అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 వస్తే చాలు. రెండు వారాలు పోయినా ఆ అబ్బాయికి వచ్చే నష్టం లేదు. ఈ నిబంధన కోర్సు పేజీలోనే ఉంటుంది, ఇంగ్లిష్‌లో, బోలెడంత సమాచారం మధ్యలో. ఎవరైనా ఆ వారం పిలిచి రెండు నిమిషాలు చెప్పి ఉంటే ఆగేవాడు కాదు. చెప్పాల్సింది మేమే.

ఇది మా ఊరికే పరిమితమైన బాధ కాదు. హార్వర్డ్, ఎంఐటీ ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో పెట్టిన కోర్సుల మీద 2019లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో 52 శాతం అసలు కోర్సులోకి అడుగే పెట్టలేదు. 2017-18లో పూర్తి చేసింది 3.13 శాతం. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో కూడా 46 శాతమే. ఊరికే చూసి పోదామని చేరినవాళ్లు అందులో ఎంతోమంది ఉంటారు, వాళ్ల గురించి నాకు దిగులు లేదు. మా పిల్లల సంగతి వేరు. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో, అంటే ఎన్‌పీటెల్ కోర్సులు కూడా ఉండే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో, చేసుకోవచ్చని యూజీసీ 2021లో అనుమతిచ్చింది, అంతకుముందు 20 శాతమే ఉండేది. కాలేజీ దాన్ని వాడుకున్నచోట, మధ్యలో ఆగితే డిగ్రీ క్రెడిట్లే పోతాయి.

దూరవిద్య అంటేనే ఇంత అనేవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. మా చిన్నమ్మ చదువు ఏడో తరగతితో ఆగింది. పిల్లలు పుట్టాక అర్హత పరీక్ష రాసి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చేరింది. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలైంది అదే, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. తెలుగులో చక్కటి పుస్తకాలు ఇచ్చేవాళ్లు, గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఇప్పటికీ వాటిని వెతుక్కుంటారు. పుస్తకాలతోపాటు ఆదివారం క్లాసులుండేవి. చిన్నమ్మ మిర్యాలగూడ బస్సులో ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి వెళ్లేది. రెండు ఆదివారాలు కనిపించకపోతే వాళ్లు ఇంటికే వచ్చేసేవాళ్లు, "ఏమైందక్కా, వస్తలేవు?" అంటూ. వాళ్లు నోట్సు కూడా తెచ్చేవాళ్లు. చిన్నమ్మ డిగ్రీ అయింది. క్లాసులో చెప్పిన పాఠాల గురించి ఆమెకు పెద్దగా గుర్తులేదు గానీ ఆ ముగ్గురి పేర్లు ఇంటిపేర్లతో సహా చెప్తుంది.

పరీక్ష ఫీజు సంగతీ ఉంది. కోర్సు ఉచితమే అయినా పరీక్షకు వెయ్యి రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఐదొందలు. దానికి సెంటరుకు వెళ్లిరావడానికయ్యే ఖర్చు అదనం. ఆడపిల్లలైతే తోడు ఎవరొస్తారన్న మాట ఇంట్లో ముందే వస్తుంది. ఫోన్ చేస్తే తప్ప ఇవేవీ బయటికి రావు.

జూలై సెమిస్టర్ కోసం ప్రిన్సిపాల్ గారికి లెటర్ పెట్టాను. బుధవారం సాయంత్రం కంప్యూటర్ ల్యాబ్ ఆరింటిదాకా తెరిచి ఉంచాలి, అర్థంకానిది పక్కనున్నవాళ్లను తెలుగులో అడిగే వీలుండాలి. ఫీడ్‌బ్యాక్ ఫారం చివర్లో కాకుండా మూడో వారంలోనే, ఒక్క వీడియో కూడా తెరవని వాళ్లతో మొదలుపెట్టి పంపాలి. జవాబు రాకపోతే నేనే ఫోన్ చేస్తాను. ల్యాబ్‌కు ఒప్పుకున్నారు. ఫారం సంగతి ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే కమిటీ) మీటింగ్‌లో పెట్టమన్నారు. పెడుతున్నాను.