సోమశిల ఒడ్డున మంచాలకట్ట దోస్తు

మన 1993 పదో తరగతి బ్యాచ్‌లో వాణ్ని ఎవరం పేరు పెట్టి పిలవలేదు. "మంచాలకట్టా" అంటేనే పలికేవాడు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిన ఊళ్లలో వాళ్ల ఊరు మంచాలకట్ట ఒకటి. కొల్లాపూర్‌లో మనతోపాటు ముంపు ఊళ్ల పిల్లలు ఇంకా ఉండేవాళ్లు కాబట్టి అది మామూలు సంగతే అనుకున్నాం. ఐదేళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని కూడా ఊరు మునగడమంటే ఏమిటని నేను అడగలేదు. మన బ్యాచ్ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మొదట గుర్తొచ్చింది అదే.

2019 అక్టోబర్‌లో, దసరా దాటాక, మంచాలకట్టతో కలిపి ఆరుగురం ఒక తుఫాన్ బండి మాట్లాడుకుని హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు పట్టాం. డిండి దాటేసరికి చెలకల్లో పత్తి పగిలి తెల్లగా కనిపించింది. బతుకమ్మకు కోయగా మిగిలిన గునుగు, తంగేడు గట్ల మీద ఇంకా పూస్తూనే ఉన్నాయి. శ్రీశైలానికి ఉత్తర ద్వారమనే ఉమామహేశ్వరంలో కొండరాతి నుంచి ఊరే నీళ్లు దోసిట పట్టుకుని తాగాం.

మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే ఇక నల్లమలే. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారిలో బండ్లను వదలరు, అడవి జంతువులు తిరిగే వేళ అది. అలా ఆపడమే న్యాయం. ఫర్హాబాద్ వ్యూపాయింట్ దగ్గర నిలబడితే కింద చూపు ఆనినంత మేరా అడవే. వానలు ఆగి ఎక్కువ రోజులు కాలేదేమో, ఆకు మీద దుమ్ము లేదు. తిరిగొస్తూ రోడ్డు పక్కన ఒక గంపెడు సీతాఫలాలు కొన్నాం. కన్ను విచ్చినవి ఆ రాత్రికి, గట్టివి ఇంటికి.

అచ్చంపేటకు దిగి, కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరేసరికి పొద్దు గూకింది. కృష్ణ నిండుగా ఉంది. ఒడ్డున గుడారాలు వేసుకుని, వేయించిన చేపలు తెప్పించుకున్నాం. పదో తరగతిలో మన సోషల్ సారు ఇక్కడికే తీసుకొచ్చారు, గుర్తుందా? అందరం నీళ్లలో దూకితే మంచాలకట్ట ఒక్కడే నీళ్లకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఈత రాదా అని ఏడిపించినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇన్నేళ్లకు, గుడారాల దగ్గర ఆ రాత్రి అడిగాను, ఊరు మునగడమంటే ఏమిటని.

వాడు సీతాఫలం గింజలు అరచేతిలోకి ఊసి, పక్కన పెట్టి, మెల్లగా చెప్పాడు. "అప్పుడు నాకు నాలుగేండ్లు. దర్వాజ, దూలాలు ఊడదీసి బండికెక్కించిన్రంట. మాధవస్వామి గుడిని రాయి రాయి విప్పి కొల్లాపూర్ తెచ్చిన్రు. మా అవ్వ మట్టిపొయ్యి ఒళ్లె పెట్టుకొని కూసున్నదంట. దార్ల పగిలింది. ఆ పెళ్లలు కొంగుల కట్టుకొచ్చి, నానబెట్టి, కొత్త ఇంట్ల మళ్ల అదే మట్టితోని పొయ్యి ఏసింది. నేను పదో తరగతి పాసయ్యేదాక ఆ పొయ్యి మీదనే వండిన్రు."

ఆ పొయ్యి మీద కాల్చిన జొన్నరొట్టెలు వాడి టిఫిన్ డబ్బాలో నుంచి నేనెన్నిసార్లు తిన్నానో! మాలో ఎవరికీ చాలాసేపు మాట రాలేదు.

తెల్లారి నీళ్ల మీద పలచగా మంచు ఉండగానే ఇంజన్ పడవ మాట్లాడుకుని ఎగువకు వెళ్లాం. ఒకచోట వాడు ఆపమన్నాడు. నాకైతే అన్నివైపులా ఒకే నీళ్లు. "గీడనే అని ఎట్ల తెలుస్తది?" అన్నాను.

"ఆ గుట్ట కుడి భుజం మీదికి రావాలె. మా నాయిన జూపించిండు."

ఇక వేలితో నీళ్ల మీద వాడలు చూపించడం మొదలుపెట్టాడు. ఇది మా ఇల్లు, దాని వెనక చింతచెట్టు, అటు దిగుడుబాయి, ఇటు పోతే బడి. పడవాయన ఇంజన్ పూర్తిగా బంద్ చేసి, తలకున్న రుమాలు తీసి, వాడి పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఆయనదీ ముంపు ఊరేనట.

"మీ ఇంటిపేరేంది బాబూ?" అని అడిగాడు.