మా సంఘం పాత పుస్తకాలు, 80జీ పునరుద్ధరణ: నా అనుభవం

చెన్నైలో పెరంబూరు, వ్యాసర్పాడి వైపు ఉండే పేద కుటుంబాల పిల్లలకు బడి ఫీజులు కట్టే చిన్న సంఘం మాది. 1996లో బి అండ్ సి బట్టల మిల్లు మూతపడి ఇళ్లు గడవడం కష్టమైన రోజుల్లో బియ్యం కూడా ఇచ్చింది. ఆదాయపు పన్ను శాఖ దగ్గర మాకు రెండు నమోదులున్నాయి: సంఘం ఆదాయానికి పన్ను లేకుండా చేసే 12ఏ, మాకు విరాళమిచ్చేవారికి పన్ను తగ్గించే 80జీ. వాటి గడువు 2026 మార్చి 31తో ముగియాల్సి ఉంది. ఆరు నెలల ముందే, అంటే 2025 సెప్టెంబరు 30లోగా, పునరుద్ధరణ దరఖాస్తు అయిన 10ఏబీ ఫారం దాఖలు చేయాల్సి వచ్చింది. 80జీ పోతే దాతలకు పన్ను మినహాయింపు పోతుంది, ఆ తర్వాత దాతలూ పోతారు.

నమోదు పత్రం, ఆడిట్ లెక్కలు, పాన్ కార్డు ఆడిటరుగారి దగ్గరే ఉన్నాయి. చిక్కంతా కార్యకలాపాల నివేదికతోనే. మా రికార్డు మొత్తం తెలుగు చేతిరాతలో ఉంది. మా కార్యదర్శి, తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత బడిలో చేరిన అమ్మాయి. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం రాదు. “మీరు చదవండి మాస్టారూ, నేను టైపు చేస్తాను” అంది.

మినిట్స్ పుస్తకాల నిండా పూలదండలు, వందన సమర్పణలు. ఏ వార్షికోత్సవం చూసినా, 1937లో ఈ ఊళ్లోనే ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయమ్మగారి ప్రస్తావన ఉంటుంది. ఆమెను తలచుకున్నంత శ్రద్ధగా ఆ రోజు ఏం పని జరిగిందో రాసి ఉంటే నాకు ఇంత శ్రమ ఉండేది కాదు! అసలు చరిత్ర ఖర్చుల పుస్తకంలో దొరికింది. కుట్టుమిషనుకు అప్పు. నెలనెలా జమ. ఒకచోట జమ ఆగిపోయింది, ఎదురుగా “భర్త పోయాడు, ఇక అడగవద్దు” అని ఉంది. 2015 డిసెంబరు వరదల నెలలో సమావేశమే జరగలేదు. దుప్పట్లు, పాఠ్యపుస్తకాలు, ఆటో కిరాయి మాత్రం వరుసగా ఉన్నాయి.

దరఖాస్తు వెళ్లాక పన్ను శాఖ నుంచి నోటీసు వచ్చింది. సాయం ఒక వర్గానికే పరిమితమా అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. ఒక మతానికో కులానికో ఉద్దేశించిన సంస్థకు 80జీ రాదు. మాది పేరులోనే తెలుగు సంఘం కాబట్టి ఆడిటరుగారు కంగారుపడ్డారు. నేను మళ్లీ ఖర్చుల పుస్తకమే తీశాను. తొలి పేజీల నుంచీ తెలుగు పేర్ల మధ్య తమిళుల పిల్లలు, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఉన్నారు. ఒకే వీధి, ఒకే బడి, ఫీజు కట్టేటప్పుడు భాష ఎవరూ అడగలేదు. ఆ పేజీల నకళ్లు, వాటి ఇంగ్లీషు పాఠం, ఇటీవలి బడి రసీదులు కలిపి పంపాం.

పునరుద్ధరణ ఉత్తర్వు వచ్చింది. పన్ను చట్టానికి 2025లో చేసిన సవరణ చలవతో చిన్న సంస్థలకు 12ఏ నమోదు పదేళ్లు, 80జీ మాత్రం ఐదేళ్లే. ఇకపై దాతల వివరాల పట్టికను ఏటా మే 31లోగా పన్ను శాఖకు దాఖలు చేయడం కార్యదర్శి పని. రెండు వేలు దాటిన నగదుకు మినహాయింపు లేదు కాబట్టి, కవరులో నోట్లు పెట్టి ఇచ్చే పెద్దలకు చెక్కు అలవాటు చేయడం నా వంతుకు వచ్చింది. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన చెక్కు పుస్తకం ఎక్కడుందో వెతుకుతున్నారట.