మా సమస్య ఏమిటో మీరే చెప్పండి

ఈరోజు ఇంట్లో అంతా బాగానే ఉంది. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గి గుమ్మం దాకా నడిచారు, చిన్నది హోంవర్క్ దగ్గర పేచీ పెట్టలేదు. ఇంకోరోజైతే ఆ సంతోషంతోనే పడుకునేదాన్ని. కానీ ఒక ఫారంలోని ఒక్క గడి సాయంత్రం నుంచి నన్ను తినేస్తోంది.

ఒక క్రీడాసంస్థ స్టార్టప్‌లను పిలుస్తోంది. ఓపెన్ ఇన్నోవేషన్ కార్యక్రమం, అంటే బయటివాళ్ళ ఆలోచనలను సంస్థలోకి తెచ్చుకోవడం. ఎంపికైతే వాళ్ళ జట్లతో పైలట్, అంటే కొన్నాళ్ళు వాడి చూడటం. ఆటగాళ్ల వెస్టులో పెట్టి వాళ్ళ శ్రమను కొలిచే మా సెన్సర్‌కు భలే అవకాశమని ఆఫీసులో అందరూ ఉత్సాహపడ్డారు, నింపే పని నాకిచ్చారు. కంపెనీ వివరాలు, టీమ్, పేటెంట్లు అన్నీ గబగబా అయిపోయాయి. ఆ తర్వాత వచ్చింది: "మా సంస్థలోని ఏ సమస్యను మీరు పరిష్కరించగలరు?"

వాళ్ళ సమస్య ఏమిటో ప్రకటనలో ఎక్కడా లేదు. మళ్ళీ మొదటినుంచి చదివాను. ఆటగాళ్ల పనితీరు, అభిమానుల అనుభవం, స్మార్ట్ స్టేడియం, పర్యావరణం. వీటిలో ఇమడనిది ఏముంటుంది? వాళ్ళ ఇబ్బంది నేను ఊహించాలి, నా ఊహకు వాళ్ళు మార్కులు వేయాలి. తప్పు ఊహిస్తే, "మీ దరఖాస్తు ఆసక్తికరంగా ఉంది, కానీ..." అని ఓ మెయిల్. అలాంటి మెయిల్ వెనక చిన్న కంపెనీలో ఎన్ని రాత్రుల పని పోతుందో పంపేవాళ్ళకు తెలియదు. కింద ఇంకో వాక్యం కూడా ఉంది. మనం పంపే వివరాలను వాళ్ళు రహస్యంగా ఉంచాల్సిన పని లేదట. అంటే మనవి అన్నీ విప్పి చూపించాలి, వాళ్ళు మాత్రం ఏదీ చెప్పరు. 2003లో అమెరికా ప్రొఫెసర్ హెన్రీ చెస్‌బ్రో ఈ ఓపెన్ ఇన్నోవేషన్ ఆలోచనను ప్రచారంలోకి తెచ్చినప్పుడు రెండువైపులా రాకపోకలు ఉండాలన్నారు. ఇక్కడ ఒకవైపే కనిపిస్తోంది.

సరిగ్గా అడిగినవాళ్ళు లేకపోలేదు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో జర్మనీ మీద లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటి లోపల పడినా గోల్ ఇవ్వలేదు, గుర్తుందా? ఆ తర్వాత ఫుట్‌బాల్ పెద్దలు కంపెనీల ముందు పెట్టిన షరతు ఎంత స్పష్టంగా ఉందో చూడండి. బంతి గీత దాటిందో లేదో ఒక్క సెకను లోపల రిఫరీకి తెలియాలి. ఎలా తెలియజేస్తారన్నది కంపెనీల ఇష్టం. అందుకే 2012లో అనుమతి పొందిన రెండు పద్ధతులకూ పోలికే లేదు. హాక్-ఐ కెమెరాలతో చేస్తే, గోల్‌రెఫ్ అయస్కాంత క్షేత్రంతో చేసింది. 2014 ప్రపంచకప్‌కు వచ్చేసరికి గోల్‌కంట్రోల్ అనే మరో కంపెనీ ముందుకొచ్చింది. సమస్యను బయటపెట్టి దారిని వదిలేస్తే జరిగేది ఇదీ.

అసలు సమస్య ఎవరికి తెలుసు అనుకుంటే ఆ పెద్దాయన గుర్తొస్తున్నారు. మేం ఇంతకుముందు పైలట్ చేసిన క్లబ్‌లో కిట్లు చూసుకునే ఆయన. ఇద్దరు పేస్ బౌలర్ల డేటా ఎప్పుడూ తేడాగా వచ్చేది. ఒకరోజు ఒకడు ఒళ్ళు హూనమయ్యేలా బౌలింగ్ చేసినట్టు, మర్నాడు అదే మనిషి నడకకు వచ్చినట్టు చూపించేది. కుర్ర బౌలర్లకు నడుము దగ్గర వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్లు వస్తాయి కాబట్టి ఎవరు ఎన్ని బంతులు వేశారన్నది మాకు ప్రాణం. సాఫ్ట్‌వేర్ అంతా తిరగేశాం, సెన్సర్లు మార్చాం. క్లబ్ విశ్లేషకుడికి మా మీద నమ్మకం సడలడం మొదలైంది. నేను స్టోర్‌రూమ్‌లో కూర్చుని తలపట్టుకుంటే, ఆయన తడిసిన వెస్టుల నుంచి సెన్సర్లు ఊడదీసి చార్జింగ్ పెట్టెలో సర్దుతూ అన్నారు, "వాళ్ళిద్దరూ వెస్టులు మార్చుకుంటారమ్మా. ఒకటి చంకల దగ్గర ఒరుసుకుంటుంది. ఆ అబ్బాయి ఓర్చుకోలేడు, రెండోవాడు పోనీలే అని తొడుక్కుంటాడు."

అంతే విషయం. సెన్సర్ మీద నంబరుంది, లోపల మనిషి వేరు. ఆ పైలట్ మీటింగులకు ఆయన్ని ఎవ్వరూ పిలవలేదు. ఆటగాళ్లు స్నానానికి వెళ్ళేలోపు అన్ని సెన్సర్లూ తీయాలని, ఒక్కటి మరిచినా మెషీన్‌లో ఉతుకుకు పోతుందని, ఈ పని కోసం ఆయనకు ఎవరూ అదనంగా మనిషినివ్వలేదని అప్పుడే చెప్పారు. మేం వెస్టు చంక కుట్టు మార్పించాం, డేటా కుదుటపడింది. ఆ క్లబ్‌తో పనిచేసిన కాలమంతటిలో మాకు దొరికిన గొప్ప సలహా అదే.

ఇక్కడిదాకా రాసి మావారికి చదివి వినిపించాను. "మరి ఆ క్లబ్ తన బౌలర్ల వెన్ను సంగతి ముందే ప్రకటనలో రాయగలదా?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను.

నిజమే, రాయడం కుదరదు. ఎవరికి గాయమైంది, ఎవరు ఎన్ని ఓవర్లకు అలిసిపోతున్నారు అన్నది ఎదుటి జట్టుకు తెలిస్తే ఇంకేముంది? పైగా అది ఆటగాడి ఒంటి సంగతి, అతని కాంట్రాక్టు సంగతి. క్లబ్ నోరు విప్పకపోవడం పొగరు కాదు. నా కోపం కొంచెం దారి తప్పిందనిపిస్తోంది. అయితే ఒకటి, ఈ ఫారం పంపింది క్లబ్ కాదు. అన్ని జట్లూ కలిసిన సంస్థ. జట్లు ఒకదానితో ఒకటి పోటీపడతాయి గానీ ఆ సంస్థ ఎవరితోనూ పోటీపడదు. పేర్లు తీసేసి, అన్ని జట్ల గాయాల లెక్క కలిపి, "మా బౌలర్లు ఇక్కడ దెబ్బతింటున్నారు" అని అది చెప్పొచ్చు. అమెరికాలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ తలదెబ్బల విషయంలో ఆ పనే చేసింది. 2013లో జనరల్ ఎలక్ట్రిక్‌తో కలిసి తల రక్షణ కోసం పోటీలు పెట్టింది, హెల్మెట్లకు ప్రయోగశాల పరీక్షలు పెట్టి ఏది మెరుగో జాబితా వేసింది.

అక్కడా అంతా సాఫీగా సాగలేదు. సియాటిల్ స్టార్టప్ వైసిస్ చేసిన జీరో1 హెల్మెట్ 2017 జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. 2019 చివరికి ఆ కంపెనీ డబ్బుల్లేక చేతులెత్తేసింది, తర్వాత వేరేవాళ్ళు కొన్నారు. ప్రశ్న స్పష్టంగా ఉంది, జవాబు బాగుంది, అయినా నిలబడలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది. పైలట్ బాగా జరిగిందని మెచ్చుకున్నాక, కొనే నిర్ణయం ఎవరి చేతిలో ఉందో ఎవరికీ తెలియని పరిస్థితి మాకు కొత్త కాదు. సీజన్ ముగిశాక అంటారు. సీజన్ ముగిస్తే కోచ్ మారతాడు. కొత్త కోచ్‌కు మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి.

కాబట్టి ఆ గడిలో సమస్య పేరు ఊహించి రాయను. బౌలర్ల వెన్ను గురించి మేం చూసింది నాలుగు వాక్యాల్లో రాసి, కింద ప్రశ్నలు అడుగుతాను. రోజూ సెన్సర్లు సర్దేది ఎవరు, మొదటి మీటింగుకు వాళ్ళను, ఫిజియోను పిలుస్తారా? తన డేటా ఆపమని ఆటగాడు అంటే ఆపుతారా? పైలట్ తర్వాత కొనాలా వద్దా అని చెప్పేది ఎవరు? రహస్యం సంగతి ఫోన్‌లో మాట్లాడతాను.

ఫారంలో ఎదురు ప్రశ్నలు వేస్తే దరఖాస్తు పక్కన పడేస్తారని ఆఫీసులో వాళ్ళు భయపడతారు. పొద్దున్నే వెళ్ళి ముందు వాళ్ళను ఒప్పించాలి.